గొంగళి పురుగు ఆచూకీ మొక్కే చెబుతుంది

కరివేపాకు మొక్క ఉన్న పెరట్లో వానాకాలం పొడుగునా ఒక్క గొంగళి పురుగైనా లేకపోవడం అరుదు. అయినా రోజూ పోపులోకి రెబ్బలు తుంచుకునేవాళ్లని అడిగి చూడండి, "మా మొక్కకి పురుగే లేదండీ" అంటారు. అబద్ధమేం కాదు. ఆకు మీద పిట్ట రెట్ట వేసిందనుకుని ఆ రెబ్బ వదిలేసి పక్క రెబ్బ తుంచుకుని ఉంటారు. వాళ్లు వదిలేసిన ఆ రెట్టే పురుగు.

సీతాకోకచిలుకల ఫొటోలు తీసేవాళ్లు మన దగ్గర బాగానే పెరిగారు. వాటి పిల్లల దగ్గరికి వచ్చేసరికి చాలామంది ఆగిపోతారు. అసలు కనబడవు. కనబడినా పేరు తెలియదు. ఎలాగో పేరు కనుక్కుంటే, వారం తర్వాత అదే పురుగు ఇంకో రంగులో తిరుగుతూ ఉంటుంది. ఈ చిక్కులన్నీ పురుగును పట్టుకుని బయల్దేరడం వల్ల వచ్చేవి. మొక్కను పట్టుకుని బయల్దేరితే సగానికి సగం విడిపోతాయి.

నూగు ఉన్నవాటినే గొంగళి పురుగులు అనడం మన అలవాటు. ఇక్కడ మాత్రం సీతాకోకచిలుకల పిల్లల్నీ, రాత్రిపూట దీపం చుట్టూ తిరిగే మాత్‌ల పిల్లల్నీ, నున్నగా ఉన్నా సరే, ఆ పేరుతోనే పిలుస్తున్నాను.

ఒకే పురుగు, రెండు వేషాలు

కరివేపాకు మీది సంగతే ముందు చూద్దాం. నలుపు మీద పసుపు మచ్చలున్న లైమ్ బటర్‌ఫ్లై కరివేపాకు, నిమ్మ, బత్తాయి, మారేడు లేత ఆకుల మీద ఒక్కో గుడ్డే పెట్టుకుంటూ పోతుంది. గుడ్డు లేత పసుపు పూసలా, మిల్లీమీటరు పాటి ఉంటుంది. అందులోంచి వచ్చిన పిల్ల ముదురు గోధుమ రంగులో, నడుము దగ్గర తెల్లటి చారతో, తడి ఆరనట్టు మెరుస్తూ ఉంటుంది. అచ్చం రెట్టే. పైగా దాక్కోదు, ఆకు పైభాగాన నడిమధ్యలో కూర్చుంటుంది. రెట్ట పడేది అక్కడే కదా.

నాలుగోసారి కుబుసం విడిచి ఐదో దశలోకి రాగానే వేషం మారిపోతుంది. ఒళ్లంతా ఆకుపచ్చ, పక్కల గోధుమ రంగు పట్టీలు, ముందువైపు రెండు పెద్ద కళ్లలాంటి మచ్చలు. కొత్తగా చూసేవాళ్లు ఇవి రెండు వేర్వేరు పురుగులని ఒట్టేసి చెబుతారు. ఎందుకు మారుతుందంటే, వేలి గోరంత ఉన్నంతకాలం రెట్ట వేషం నప్పుతుంది. మూడు నాలుగు సెంటీమీటర్లు పెరిగాక అంత రెట్ట వేసే పిట్ట ఆ కొమ్మ మీద వాలదు, అందుకని ఆకు రంగులోకి పోతుంది. ఈ మార్పుకు మీట పురుగు ఒంట్లోని జువెనైల్ హార్మోన్ అని దీని దగ్గరి చుట్టమైన ఒక జాతి మీద జపాన్ శాస్త్రవేత్తలు 2008లో చూపించారు. ఆ హార్మోన్ తగ్గితే రెట్ట రంగు పోయి పచ్చదనం వస్తుంది. తగ్గాల్సిన సమయంలో పైనుంచి అందిస్తే తర్వాతి దశలో కూడా రెట్టలాగే ఉండిపోతుంది.

చిక్కు ఇక్కడితో అయిపోలేదు. అదే కరివేపాకు మీద కామన్ మోర్మన్ అనే ఇంకో సీతాకోకచిలుక కూడా గుడ్లు పెడుతుంది. దాని పిల్లదీ రెట్ట వేషమే, పెద్దయ్యాక పచ్చ వేషమే. కాబట్టి "పచ్చగా, ఇంత పొడుగు ఉంది, ఏంటిది?" అని రంగు మాత్రమే చెబితే ఎవరూ జవాబు చెప్పలేరు. "కరివేపాకు మీద ఉంది" అంటే మాత్రం కొన్ని వందల జాతుల్లోంచి ఒక్క మాటతో రెండు మూడింటికి వచ్చేస్తాం.

మొక్క విషయంలో అంత పట్టింపు ఎందుకు

మొక్కలు పారిపోలేవు కాబట్టి ఆకుల్లో విషాలు, ఘాటు నూనెలు, పాలు నింపుకుని కాపాడుకుంటాయి. ఒక్కో రకం పురుగు కొన్ని మొక్కల విషాన్ని మాత్రమే అరిగించుకోగలదు. కరివేపాకు, నిమ్మ, మారేడు చూడ్డానికి ఒకదానికొకటి పోలిక లేకపోయినా ఒకే కుటుంబం మొక్కలు, వాటి ఆకు నలిపితే వచ్చే ఘాటు వాసనే సాక్ష్యం. తల్లి సీతాకోకచిలుక గుడ్డు పెట్టేముందు ముందుకాళ్లతో ఆకును టపటపా తట్టడం గమనించే ఉంటారు. దాని కాళ్లకు రుచి తెలుస్తుంది. సరైన మొక్కేనని తేలాకే గుడ్డు. ఇలా తట్టుకుంటూ తిరిగే తల్లిని చూస్తే ఆ మొక్కను గుర్తుపెట్టుకోండి, నాలుగైదు రోజులు ఆగి వస్తే పని సులువవుతుంది.

అన్నీ ఇంత పట్టింపు ఉన్నవి కావు. పొగాకు లద్దె పురుగు, శనగపచ్చ పురుగు లాంటివి ఏది దొరికితే అది తింటాయి, రైతుకి అవి తలనొప్పి కావడానికి ఒక కారణం అదే. కానీ ఫొటోకి అందంగా ఉండేవాటిలో ఎక్కువ భాగం పట్టింపు ఉన్నవే.

మొదటిసారి కెమెరా పట్టేవాళ్లకి నేనైతే జిల్లేడు చెప్తాను. ఖాళీ స్థలం ఉన్న ప్రతి వీధిలోనూ ఉంటుంది, దాని మీది ప్లెయిన్ టైగర్ అనే సీతాకోకచిలుక పిల్ల దాక్కోదు. నలుపు, తెలుపు, పసుపు పట్టీలతో, వీపు మీద మూడు జతల నల్లటి మీసాలతో బాహాటంగా తింటూ ఉంటుంది. జిల్లేడు విషాన్ని ఒంట్లో నింపుకుంది కనుక పిట్టలంటే దానికి లెక్కలేదు, ఆ రంగులు హెచ్చరిక బోర్డులు. ఒక్క జాగ్రత్త, జిల్లేడు పాలు కంట్లో పడకూడదు. ఆకు తుంచిన చేత్తో కళ్లు నులుముకోవద్దు.

గన్నేరు మీద కామన్ క్రో అనే సీతాకోకచిలుక పిల్ల ఉంటుంది, దానికి నాలుగు జతల మీసాలు. జిల్లేడుదానికి మూడు, గన్నేరుదానికి నాలుగు అని గుర్తుంటే చాలు, ఆ రెండింటినీ ఇక పొరబడరు. గన్నేరు మీదా, ఇంటి ముందు నందివర్ధనం మీదా ఇంకొకటి ఉంటుంది: ఓలియాండర్ హాక్‌మాత్ పిల్ల. వేలంత లావు, తోక దగ్గర చిన్న కొమ్ము, తల వెనక నీలం, తెలుపు కలిసిన కంటి మచ్చలు. బెదిరిస్తే తల లోపలికి ముడుచుకుని ఆ నీలి కళ్లని ఉబ్బించి చూపిస్తుంది. ఇంత పెద్ద పురుగు, నందివర్ధనం ముందు పది నిమిషాలు నిలబడినా కనబడదు, ఎందుకంటే దాని పచ్చదనం, పక్కన తెల్లటి గీత ఆకు ఈనెలో కలిసిపోతాయి.

అప్పుడు పైకి చూడటం మానేసి కిందికి చూడాలి. హాక్‌మాత్ పిల్లలు వేసే పెంటికలు మిరియం గింజంత లావుగా, నిలువు గాళ్లు పడి ఉంటాయి. నేల మీదో, సిమెంటు గచ్చు మీదో కనిపిస్తాయి. పచ్చిగా, తడిగా ఉంటే పురుగు సరిగ్గా పైనే ఉంది. నల్లగా ఎండిపోయి ఉంటే పక్క కొమ్మకి మారింది, లేదా మట్టిలోకి దిగిపోయింది. పెంటిక సైజును బట్టి పురుగు సైజు కూడా చెప్పొచ్చు. ఆకులు లేని మోడు పుల్లలు కనిపిస్తే పురుగు ఆ పుల్ల చివర ఉండదు, ఆకులు మిగిలిన చోటుకి వెళ్లి ఉంటుంది. ఇది తెలియక చాలామంది మోడు పుల్లల దగ్గరే వెతుకుతూ టైమ్ పోగొట్టుకుంటారు.

మభ్యపెట్టడంలో నా ఓటు మామిడి ఆకు మీది బారన్ అనే సీతాకోకచిలుక పిల్లకి. ఒంటికి అటూ ఇటూ ఈకల్లా చీలిన పచ్చటి ముళ్లు, వీపు మీద నిలువునా పసుపు గీత. ఆకు నడిమి ఈనె మీద సరిగ్గా తన గీత కలిసేలా పడుకుంటుంది. ముళ్లు ఆకు మీద పరుచుకుని నీడ కూడా పడనివ్వవు. దీన్ని పట్టుకోవాలంటే సూర్యుడికి ఎదురుగా, ఆకు కిందనుంచి చూడాలి. ఎండ ఆకులోంచి వచ్చేటప్పుడు పురుగు ఉన్నంత మేర నల్లటి నీడ తెలుస్తుంది. పలచటి ఆకున్న ఏ మొక్కకైనా ఈ ఉపాయం పనిచేస్తుంది.

ఇక మిగిలినవి గబగబా, ఇంగ్లిష్ పేర్లన్నీ సీతాకోకచిలుకలవే. ఇళ్ల ముందు నిటారుగా పెరిగే అశోక చెట్టు లేతాకుల మీద టెయిల్డ్ జే. రేగు ఆకు పైపొర గీరినట్టు చారలుండి, చీమలు పదేపదే ఒకే చోట మూగుతుంటే అక్కడ పీరో సీతాకోకచిలుక పిల్ల ఉంటుంది. దాని ఒంటి నుంచి వచ్చే తీపి కోసం చీమలు కాపలా కాస్తాయి. రేల చెట్టు మీద ఎమిగ్రెంట్లు. అడవి అంచున ఈశ్వరి తీగ దొరికితే క్రిమ్సన్ రోజ్. ఆముదం మీది పురుగుకి ముళ్లుంటే సీతాకోకచిలుక పిల్ల, నున్నగా ఉండి ఒంటిని విల్లులా వంచి నడిస్తే దాసరి పురుగు. పసుపు మొక్క ఆకు చుట్ట చుట్టుకుని ఉంటే లోపల గ్రాస్ డెమన్. దానిమ్మ కాయకి గుండ్రటి చిల్లు పడితే రైతులు కాయతొలుచు పురుగు అని తిట్టుకునేది కూడా ఓ సీతాకోకచిలుక పిల్లే, బయట తిరిగే దాన్ని చూస్తే ఎవరూ నమ్మరు.

రాత్రి వెతుకులాట

మాత్ పిల్లలు చాలావరకు రాత్రే తింటాయి. మామూలు టార్చి కంటే అల్ట్రావయొలెట్ టార్చి మేలు, వెలుగు తరంగం 365 నానోమీటర్లదైతే బాగుంటుంది, 395ది చవక, అదీ పర్వాలేదు. ఆ వెలుగులో ఆకు మసక ఎరుపుగా కనిపిస్తే, చాలా రకాల పురుగులు లేత పచ్చగా వెలుగుతాయి. పగలు కళ్లు చిట్లించినా కనబడనిది దూరం నుంచే దొరికిపోతుంది. ఆ వెలుగుని నేరుగా కళ్లల్లోకి పడనివ్వకండి. ఫొటో మాత్రం మామూలు వెలుగులో తీయండి, లేకపోతే రంగులు తప్పుగా పడి గుర్తుపట్టడానికి పనికిరాదు. వానాకాలం రాత్రి చెట్ల కింద తిరిగేటప్పుడు కళ్లు ఆకుల మీద, కాళ్లు కట్లపాము మీద అన్నట్టు కాకూడదు. బూట్లు వేసుకోండి, అడుగు వేసే ముందు కిందికి చూడండి.

ఫొటో ఎక్కడ చెడుతుంది

నిలబడి పైనుంచి తీస్తే ఎంత అందమైన పురుగైనా ఆకు మీద మరకలా వస్తుంది. దాని తల ఎత్తుకు కెమెరా దిగాలి, మోకాళ్లు మట్టి కావాలి. ఫోకస్ తల మీద ఉండాలి. ఇక్కడే లైమ్ బటర్‌ఫ్లై, హాక్‌మాత్ మనల్ని మోసం చేస్తాయి, ఆ పెద్ద మచ్చల్ని కళ్లనుకుని వాటికి ఫోకస్ పెడతాం. అసలు కళ్లు కిందికి వంచిన చిన్న తలకాయకి రెండు పక్కలా, ఒక్కో వైపు ఆరేసి, చుక్కల్లా ఉంటాయి.

మాక్రో లెన్స్ (బాగా దగ్గరినుంచి తీసేది) ఉన్నవాళ్లకి అతిపెద్ద సమస్య ఫోకస్ లోతు. పురుగు అసలు సైజులో సెన్సర్ మీద పడేంత దగ్గరికి వెళ్తే, లెన్స్ రంధ్రాన్ని ఎఫ్11 దాకా చిన్నది చేసినా స్పష్టంగా వచ్చేది ఇంచుమించు ఒక మిల్లీమీటరు మందమే. కన్ను వస్తే నడుము రాదు. అలా అని ఎఫ్22కి పోతే బొమ్మ మొత్తం మెత్తబడుతుంది. అందుకే పురుగు పక్కకి కెమెరాని సమాంతరంగా పెట్టడం అన్నిటికంటే చవకైన పరిష్కారం. తల నుంచి తోక దాకా ఒకే దూరంలో ఉంటుంది కాబట్టి అంతా ఫోకస్‌లోకి వస్తుంది. వేర్వేరు ఫోకస్‌లతో తీసి కంప్యూటర్లో కలిపే పద్ధతి ఉంది గానీ, నములుతూ ఉన్న పురుగు మీద అది కుదరదు. కదలకుండా పడుకున్నప్పుడు, గాలి లేని తెల్లవారుజామున ప్రయత్నించొచ్చు.

ఫోన్‌తో తీసేవాళ్లు తక్కువేం కాదు. చాలా ఫోన్లలో మాక్రో అని రాసి ఇచ్చే 2 మెగాపిక్సెల్ కెమెరాని నమ్ముకోవద్దు. మెయిన్ కెమెరాని రెండు రెట్లు జూమ్ చేసి, కాస్త వెనక్కి జరిగి తీస్తే అంతకంటే మంచి బొమ్మ వస్తుంది. తెర మీద తల దగ్గర వేలు నొక్కి పట్టి ఫోకస్ లాక్ చేయండి, వెలుగు కొంచెం తగ్గించండి. లేకపోతే తెల్ల నూగు కాలిపోయినట్టు వస్తుంది. గాలికి ఆకు ఊగుతుంటే ఎడమ చేత్తో కాడని పట్టుకుని, అదే చేతికి ఫోన్ ఆనించండి, ఊగినా రెండూ కలిసే ఊగుతాయి.

వెలుతురు విషయంలో పొద్దున్నే వచ్చే ఏటవాలు ఎండని మించింది లేదు. నూగు పురుగులకైతే ఎండ వెనకనుంచి పడితే ఒక్కో వెంట్రుకా వెలుగుతుంది. నున్నటివాటికి అదే ఎండ మెరుపు మచ్చలు తెస్తుంది, నీడలో తీసి ఒక పక్కన తెల్ల థర్మోకోల్ ప్లేటు పట్టుకుంటే సరిపోతుంది. ఫ్లాష్ వాడితే ముందు ట్రేసింగ్ పేపరు అడ్డం పెట్టాలి.

తట్టగానే పురుగు బిగుసుకుపోతుంది. కొద్దిసేపు కదలకుండా ఉంటే మళ్లీ తినడం మొదలుపెడుతుంది. ఆకు అంచుని పట్టుకుని తల పైనుంచి కిందికి విల్లులా వంచుతూ కోసుకుపోయే ఆ కదలికే మంచి ఫొటో. కొందరు లైమ్ బటర్‌ఫ్లై పిల్లని పుల్లతో పొడిచి, తల వెనకనుంచి బయటికొచ్చే చీలిక కొమ్ముని ఫొటో తీస్తారు. ఘాటు వాసనతో శత్రువుని తరమడానికి అది దాచుకున్న ఆయుధం. నాకు ఆ ఫొటోలు నచ్చవు. మెడ ఉబ్బి, మూతి ముందుకు తోసుకొచ్చి, పట్టుదారం పరుచుకుని కదలకుండా కూర్చుందంటే కుబుసం విడవబోతోందన్నమాట, అప్పుడైతే ఆకుని కూడా ముట్టుకోకూడదు. పట్టు జారితే పాత తోలులోంచి బయటికి రాలేక చస్తుంది.

పేరు కావాలంటే

అందమైన ఒక్క ఫొటోతో పేరు తేలడం కష్టం. పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి, తలది, తోకది, చివరిగా పువ్వో కాయో కలిసొచ్చేలా మొక్కది. ఆఖరిది మర్చిపోతే మిగతా నాలుగూ సగం వృథా. తల, తోక ఎందుకో కత్తెర పురుగు కథ చెబుతుంది. 2018లో కర్ణాటకలో బయటపడి అదే ఏడు మన మొక్కజొన్న చేలలోకి దిగిన ఈ పురుగు చూడ్డానికి మామూలు లద్దె పురుగులాగే ఉంటుంది. దాని తల మీద తిరగేసిన ఇంగ్లిష్ వై గుర్తు, తోకకు కాస్త ముందు చదరంగా పేర్చినట్టు నాలుగు నల్ల చుక్కలు ఉంటాయి. వ్యవసాయ అధికారులు రైతులకి చూసుకోమని చెప్పింది ఈ రెండు గుర్తుల్నే.

పక్కనుంచి తీసిన ఫొటోలో కాళ్లు లెక్కపెట్టొచ్చు. తల వెనక మూడు జతల గట్టి కాళ్లు, కడుపు కింద మెత్తటి పొట్టి కాళ్లు మహా అయితే ఐదు జతలు. మెత్తటి కాళ్లు రెండే జతలుండి, ఒళ్లు గుండ్రంగా వంచి జానలు కొలిచినట్టు నడిస్తే లూపర్ మాత్ పిల్ల. ఐదు జతలు దాటితే అది గొంగళి పురుగే కాదు. ముల్లంగి, ఆవ ఆకుల మీద కనిపించే నల్లటి పురుగు అలాంటిదే, కందిరీగల వైపు చుట్టమైన సాఫ్లై పిల్ల. ఐనాచురలిస్ట్ లాంటి యాప్‌లో ఫొటో పెడితే మెషీన్ వెంటనే ఓ పేరు చెబుతుంది. రెక్కలొచ్చిన సీతాకోకచిలుకల విషయంలో చెప్పినంత బాగా పిల్లల విషయంలో చెప్పలేదు. చిన్న దశల్లో మరీ తప్పుతుంది. మొక్క పేరు రాస్తే మనుషులు సరిచేస్తారు.

ముట్టుకోకూడనివి

మునగ మాను మీద వందలుగా గుంపుకట్టే బొంతపురుగుల గురించి ఎవరికీ చెప్పక్కర్లేదు. ఒంటికి తగిలితే దద్దుర్లే. ఫొటో కోసం నూగు మీది దుమ్ము ఊదడం లాంటివి చేయకండి, ఊడిన వెంట్రుకలు మీ కంట్లోకే వస్తాయి. కొబ్బరి, మామిడి ఆకుల కింద ఉండే ఆకుతేలు ఇంకా ఘోరం. కాళ్లు కనబడకుండా జిగటగా పాకే ఈ పచ్చటి పురుగు ముళ్లలో నిజంగానే విషం ఉంటుంది, తగిలితే తేలు కుట్టినట్టే. కొమ్మ వంచేముందు ఆకు అడుగు చూసుకోవాలి. తగిలితే రుద్దకుండా సెలోటేపు అంటించి లాగి, సబ్బుతో కడగండి. కంట్లో పడితే డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే. ఇన్ని వెంట్రుకలున్నా చాతక పక్షి లాంటివి నూగు పురుగుల్ని ఇష్టంగా తింటాయి. తొలకరి తర్వాత చాతకం కూత వినిపిస్తుంటే ఆ చుట్టుపక్కల నూగు పురుగులు లేచాయేమో చూడటం దండగ కాదు.

అడవిలో పెద్ద పురుగులు చూడాలని ఉంటే తెలంగాణలో మహాదేవపూర్ వైపు దసలి పట్టు (టసర్) పెంచే ఊళ్లకి వెళ్లొచ్చు. మల్బరీ పట్టులా ఇళ్లలో తట్టల మీద కాకుండా, మద్ది చెట్ల మీద ఆరుబయటే పెంచుతారు, పిట్టల్నీ చీమల్నీ దగ్గరికి రానివ్వకుండా కాపలా కాస్తారు. అది వాళ్ల పంట, అడిగి ఫొటో తీసుకోవాలి. కాపలా ఉండేవాళ్లకి తెలిసినంతగా ఆ పురుగు నడవడి ఇంకెవరికీ తెలియదు, కాబట్టి అడగడంలో లాభం కూడా ఉంది.

తెల్ల గింజలున్న పురుగు

ఎప్పుడో ఒకప్పుడు వీపు నిండా బియ్యపు గింజల్లాంటి తెల్లటివి అంటుకున్న పురుగు దొరుకుతుంది. గుడ్లు పెట్టిందని చాలామంది రాస్తారు. గొంగళి పురుగు గుడ్లు పెట్టదు, అది పిల్ల. అవి బుల్లి కందిరీగల గూళ్లు. తల్లి కందిరీగ పురుగు ఒంట్లోకి గుడ్లు దింపితే పిల్లలు లోపలే తిని పెరిగి, తోలు చీల్చుకుని బయటికొచ్చి పట్టుగూళ్లు కట్టుకున్నాయి. పురుగు ఇంకా కదులుతుండొచ్చు గానీ బతకదు. రైతులు పొలంలో కట్టే ట్రైకోకార్డుల్లో (బుల్లి కందిరీగలున్న అట్టముక్కల్లో) ఉండేదీ ఈ వైపు చుట్టమే, అది పురుగు గుడ్డుగా ఉన్న దశలోనే పని ముగిస్తుంది.

అందుకే ఇంట్లో డబ్బాలో పెంచి చూసేవాళ్లకి సీతాకోకచిలుకే వస్తుందన్న భరోసా లేదు. పెంచాలనుకుంటే మందు కొట్టని మొక్క ఆకే పెట్టాలి, బజారు కరివేపాకు పెడితే చచ్చిపోవచ్చు. ప్యూపా (రెక్కలొచ్చే ముందు గూటి దశ) లోంచి ఈగో కందిరీగో బయటపడితే విసుక్కుని వదిలేయకండి. దాని ఫొటో, పురుగుగా ఉన్నప్పటి ఫొటో, మొక్క పేరు, తేదీ కలిపి పెట్టండి. ఏ పురుగుని ఏది తింటుందో చెప్పే రికార్డులు సీతాకోకచిలుకల ఫొటోల కంటే చాలా తక్కువ, కందిరీగల మీద పనిచేసేవాళ్లు వాటికోసమే వెతుకుతూ ఉంటారు.